నన్ను నేను కాపాడుకోవడానికి రివాల్వర్ తీసుకోవచ్చా?

బెంగళూరు నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. ఆయన్ను ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి సారాంశం మాత్రం ఇస్తున్నాం.

ఆయనకు 46 ఏళ్ళు. సొంతూరు చింతామణి దగ్గర ఒక పల్లె. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడ. నగరంలో ఒక సివిల్ కోర్టులో బేలిఫ్‌గా పనిచేస్తున్నారు. కాగితాల మీద బేలిఫ్ అయినా జనం నోట్లో ఇంకా అమీనాయే. సమన్లు అందించడం, జప్తు చేయడం, డిక్రీ వచ్చాక స్థలం ఖాళీ చేయించి గెలిచిన పార్టీకి అప్పగించడం ఆయన పని. కొంతకాలం కిందట కె.ఆర్.పురం వైపు ఒక సైటు స్వాధీనం వారంటు ఆయనకు వచ్చింది. ఆ సైట్లో రెండు రేకుల షెడ్లు, ఒక టైర్ల కొట్టు ఉన్నాయి. ఓడిన పార్టీ వెనక ఒక రియల్ ఎస్టేట్ మనిషి ఉన్నాడు, రేపో మాపో కార్పొరేటర్‌గా నిలబడాలని చూస్తున్నాడు. ఈయన వెళ్ళిన రోజు పది మంది చుట్టూ మూగారు. ఆ మనిషి నవ్వుతూనే భుజం మీద చెయ్యి వేసి, "సార్, మీ పాప ఏ స్టాపులో బస్సెక్కుతుందో నాకు తెలుసు. ఎండ ఎక్కువగా ఉంది, ఇంటికెళ్ళండి" అన్నాడు. వారం తిరక్కుండా తెలియని నంబరు నుంచి వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. బస్‌స్టాపులో నిలబడి ఉన్న కూతురు. కింద ఒక్క మాట కూడా లేదు.

ఆఫీసులో బేలిఫ్‌ల పని చూసే నాజర్ గారికి చెబితే "మన ఉద్యోగంలో ఇవన్నీ ఉండేవేనయ్యా" అన్నారట. కొడగు నుంచి వచ్చిన సహోద్యోగి తమ ఇంట్లో లైసెన్సు లేకుండానే తుపాకి ఉందన్నాడు. డల్లాస్‌లో ఉన్న పెద్దనాన్న కొడుకు, అక్కడ జడ్జీలు కోటు కింద పిస్తోలు పెట్టుకుని బెంచి మీద కూర్చోవచ్చని చెప్పాడు. బావమరిది ఒకడుగు ముందుకేసి, 35 వేలకు ఒక నాటు పిస్తోలు తెప్పిస్తానన్నాడు. భార్య మాత్రం తుపాకి గుమ్మం లోపలికి వస్తే తాను పిల్లల్ని తీసుకుని చింతామణి వెళ్ళిపోతానంటోంది, లేదా ఆయన్నే అక్కడికి బదిలీ చేయించుకోమంటోంది. కొడుకు రెండో పీయూసీ, అంటే ఇంటర్ రెండో ఏడాది. నాన్న తుపాకి కొంటాడని విని వాడు తెగ ఉత్సాహపడుతున్నాడు. కూతురికి ఆ ఫొటో సంగతి ఇంకా చెప్పలేదు.

ఆయన అడిగినవి మూడు. నాకు రివాల్వర్ లైసెన్సు వస్తుందా? కోర్టు పనిమీద వీధుల్లోకి వెళ్ళే మాలాంటివాళ్ళకు కనబడకుండా తుపాకి పెట్టుకునే అనుమతి ప్రభుత్వమే ఎందుకు ఇవ్వకూడదు? మా ఆవిడ చెప్పేది పిరికితనమా, తెలివా?

సమాధానం:

ముందు మీ బావమరిది సంగతి తేల్చేద్దాం. మిగతావన్నీ నాలుగు రోజులు ఆగుతాయి, ఇది ఆగదు. లైసెన్సు లేని తుపాకి దగ్గర ఉంచుకుంటే ఆయుధాల చట్టం 25వ సెక్షను కింద, 2019 సవరణ తర్వాత, తక్కువలో తక్కువ 2 ఏళ్ళు, గరిష్ఠంగా 5 ఏళ్ళు జైలు. అరెస్టయితే సస్పెన్షన్, శిక్ష పడితే ఉద్యోగం పోవడం ఎలాగూ ఉన్నాయి. నాకు అంతకంటే భయం కలిగించేది ఇంకొకటి. మిమ్మల్ని బెదిరిస్తున్న మనిషికి మీ ఇంటి సంగతులు తెలుస్తున్నాయి. అలాంటివాడికి మీ బీరువాలో నాటు పిస్తోలు ఉందని తెలియడం ఎంత సేపు? అప్పుడతను మీ మీద చెయ్యి కూడా వేయనక్కర్లేదు. స్టేషన్‌కి ఒక్క ఫోన్ కొడితే వారంటు అమలు చేయాల్సిన మనిషి లాకప్‌లో ఉంటాడు. బావమరిది ఈపాటికే అడ్వాన్సు ఇచ్చి ఉంటే ఆ డబ్బు పోయిందనుకోండి, తిరిగి అడగడానికి కూడా వెళ్ళొద్దని చెప్పండి.

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలో మీరొక వాక్యం రాసి చప్పున దాటేశారు. రెండోసారి ఆ సైటుకు వెళ్ళే ధైర్యం లేక, "షెడ్లకు తాళం వేసి ఉంది, లోపల ఎవరూ లేరు" అని రాసి వారంటు వాపసు చేశానన్నారు. అలా చేసింది మీరొక్కరే కాదని నాకు తెలుసు. కోర్టు ఫైళ్ళలో "తాళం వేసి ఉంది" అని కనబడే రిపోర్టుల్లో కొన్నింటి వెనక తాళం ఉండదు, భయం ఉంటుంది. మిమ్మల్ని తప్పుపట్టడానికి ఈ మాట ఎత్తలేదు. కానీ ఆ వాక్యం వల్ల ఏం జరిగిందో ఒకసారి చూడండి. ఫొటో పంపినవాడికి అది పనిచేసిందని అర్థమైంది. మళ్ళీ వారంటు వస్తే మళ్ళీ పంపుతాడు. రెండోది, కోర్టు రికార్డులో మీమీద బెదిరింపు అన్నదే లేదు. రేపు మీకేదైనా జరిగితే, ఫైలు తిరగేసిన పోలీసుకు తాళం వేసిన షెడ్డు తప్ప ఇంకేమీ దొరకదు. మూడోది, ఆ రిపోర్టు అబద్ధమని డిక్రీదారు (కేసు గెలిచిన పార్టీ) లాయరు నిరూపిస్తే విచారణ ఎదుర్కొనేది మీరే. మీ మాటల్ని మళ్ళీ మళ్ళీ చదివితే నాకనిపించింది ఇది: ఉన్నదున్నట్టు చెప్పే దారి మూసుకుపోయిందని మీకు అనిపించాకే తుపాకి ఆలోచన బలపడింది.

ఆ దారి మూసుకుపోలేదు. అదనపు రిపోర్టు ఇవ్వండి. మొదటి రోజు ఎవరెవరు అడ్డుకున్నారు, ఏ మాటలన్నారు, ఫొటో ఏ తేదీన ఏ నంబరు నుంచి వచ్చింది, ఆ భయంతోనే రెండోసారి సరిగ్గా అమలు చేయలేకపోయాను అన్నవి రాసి, వారంటు జారీ చేసిన జడ్జి గారి ముందే పెట్టండి. మెమో రావచ్చు, సంజాయిషీ అడగవచ్చు. కాదనను. కానీ మీ అంతట మీరు చెప్పిన దానికీ, ఎదుటి లాయరు బయటపెట్టిన దానికీ ఏ న్యాయాధికారి అయినా తేడా చూస్తారు. ఇవ్వకుండా ఊరుకుంటే ఈరోజుకు ప్రశాంతంగానే ఉంటుంది. కాకపోతే వారంటు చచ్చిపోదు, మళ్ళీ జారీ అవుతుంది, మీ చేతికో మీ పక్క టేబులు ఆయన చేతికో వస్తుంది.

మీ రిపోర్టుకు ఉన్న బలం మీరు తక్కువగా అంచనా వేస్తున్నారు. అడ్డగించారని మీరు రాస్తే దాని ఆధారంగా సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21 కింద డిక్రీదారు తర్వాతి అడుగు వేయగలడు, పోలీసు బందోబస్తు అడగగలడు. న్యాయమైన కారణం లేకుండా అడ్డుపడినవాణ్ని 30 రోజుల దాకా సివిల్ జైల్లో పెట్టే అధికారం కోర్టుకు ఉంది. ఇంకొకటి, మీ ఆఫీసులో ఎవరైనా చెప్పారో లేదో: 2021 ఏప్రిల్‌లో రాహుల్ షా వర్సెస్ జినేంద్ర కుమార్ గాంధీ కేసులో సుప్రీంకోర్టు డిక్రీల అమలు గురించి దేశంలోని కోర్టులన్నిటికీ ఆదేశాలిచ్చింది. అది మన బెంగళూరు స్థలం తగాదా నుంచే వెళ్ళిన కేసు. అమలు పిటిషన్లు ఆరు నెలల్లో ముగించాలన్నది అందరికీ గుర్తుంది. మీకు సంబంధించిన మాటలు ఆ తర్వాత ఉన్నాయి. పోలీసుల సాయం లేకుండా డిక్రీ అమలు కుదరదని తోస్తే ఆ స్టేషన్‌ను సాయం పంపమని కోర్టు ఆదేశించవచ్చు. విధుల్లో ఉన్న ఉద్యోగి మీద నేరం జరిగినట్టు కోర్టు దృష్టికి వస్తే కఠినంగా చూడాలి. వారంట్లు అమలు చేసే సిబ్బందికి జ్యుడీషియల్ అకాడమీలు మాన్యువళ్ళు తయారుచేసి, శిక్షణ ఇస్తూ ఉండాలి. "ఇవన్నీ ఉండేవే" అన్న నాజర్ గారికి ఆ తీర్పు జిరాక్స్ ఒకటి మర్యాదగా ఇవ్వండి. ఆయన్ను ఇబ్బంది పెట్టడానికి కాదు, ఆయనా ఆ కుర్చీలోకి వీధుల్లో తిరిగే వచ్చుంటారు.

2022 మార్చిలో హిజాబ్ కేసు తీర్పు ఇచ్చిన ముగ్గురు కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తులకు బెదిరింపులు వస్తే రాష్ట్ర ప్రభుత్వం రోజుల్లోనే వై కేటగిరీ భద్రత ఇచ్చింది. ఇవ్వాల్సిందే. అదే బెదిరింపు అమీనాకు వస్తే ఉద్యోగంలో భాగం అయిపోతుంది. ఈ తేడా మీద మీకున్న కోపం న్యాయమైనదే, దాన్ని నేను తగ్గించబోను. అయితే ఆ న్యాయమూర్తుల విషయంలో బెదిరింపు కేసుగా నమోదైంది, అందరి కళ్ళముందూ ఉంది. మీది ఇంకా మీ ఫోనులోనే ఉంది.

కాబట్టి ఫిర్యాదు. భారతీయ న్యాయ సంహిత 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. దాని 351వ సెక్షను నేరపూరిత బెదిరింపు గురించి, చంపుతామనే బెదిరింపైతే శిక్ష 7 ఏళ్ళ దాకా ఉంటుంది. ప్రభుత్వ ఉద్యోగి పని చేయకుండా ఉండాలని హాని చేస్తానని బెదిరిస్తే 224, విధులకు అడ్డుపడుతూ దౌర్జన్యం చేస్తే 132. మీ సంగతి ఏ సెక్షనులోకి వస్తుందో పోలీసులు, కోర్టు తేలుస్తారు. మీరు జరిగింది జరిగినట్టు రాయండి, చాలు. బెదిరింపు కె.ఆర్.పురంలో, మీ ఇల్లు ఇంకో చోట అని తిప్పుతారేమో. ఏ స్టేషన్లోనైనా ఎఫ్ఐఆర్ నమోదు చేయవచ్చని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను స్పష్టంగా చెబుతోంది. తీసుకోకపోతే డీసీపీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, ఆ తర్వాత మేజిస్ట్రేటు. ఆ దారి మీకు నేను చెప్పాలా? రోజూ ఆ కారిడార్లలోనే తిరుగుతారు కదా. మర్చిపోకండి, ఆ వాట్సాప్ ఫొటో డిలీట్ చేయవద్దు, ఇంకొకరికి ఫార్వర్డ్ చేసి అదే కాపీ అనుకోవద్దు, ఆ ఫోను మార్చవద్దు. అది వచ్చిన పరికరమే సాక్ష్యం.

ఎఫ్ఐఆర్ వల్ల అతను రెచ్చిపోతాడేమో అని రాశారు. రెచ్చిపోవచ్చు. కార్పొరేటర్ టికెట్టు కోసం తిరుగుతున్న మనిషి కాబట్టి వెనక్కి తగ్గే అవకాశం కూడా అంతే ఉంది. బెంగళూరులో డీసీపీలకు ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ అధికారాలు ఉన్నాయి. శాంతికి భంగం కలిగించనని బాండ్ రాయించుకోగలరు. రౌడీషీట్ తెరుస్తారేమోనన్న భయం అలాంటివాళ్ళకు మీ చేతిలో ఉండబోయే .32 రివాల్వర్ కంటే ఎక్కువ. కానీ ఎటు తిరుగుతుందో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. ఆ స్టేషన్ మీకు తెలుసు, ఆ మనిషి ముఖం మీరు చూశారు.

ఇప్పుడు లైసెన్సు. వస్తుందా అంటే, రావచ్చు. 2016 ఆయుధాల నియమాల్లో, వృత్తి స్వభావం వల్ల ప్రాణానికో ఆస్తికో రక్షణ నిజంగా అవసరమైనవారి దరఖాస్తును పరిశీలించవచ్చని ఉంది. మీరు అందులోకి వస్తారు. బెంగళూరులో లైసెన్సు ఇచ్చే అధికారి పోలీస్ కమిషనర్. దరఖాస్తు ఆన్‌లైన్లో, ఫారం ఎ-1. స్టేషన్ పోలీసులు విచారించి రిపోర్టు పంపుతారు. శారీరక, మానసిక ఆరోగ్యానికి డాక్టరు సర్టిఫికెట్, ఆయుధం వాడకంలో శిక్షణ తీసుకున్నట్టు సర్టిఫికెట్, ఇంట్లో భద్రంగా దాచే ఏర్పాటు చూపించాలి. ఇస్తే 5 ఏళ్ళకు ఇస్తారు. సామాన్యులకు దొరికేది నాన్ ప్రొహిబిటెడ్ బోర్ (చట్టం నిషేధించని సైజు తూటా వాడేవి) మాత్రమే, అంటే .32 లాంటివి. ధర చిన్నది కాదు, 2014లో కాన్పూరు ఫ్యాక్టరీ ఆడవాళ్ళ కోసమని తెచ్చిన నిర్భీక్ రివాల్వరే అప్పట్లో లక్షా ఇరవై వేలు దాటింది. పోలీసు విచారణలో మొదటి ప్రశ్న ఏమిటో ఊహించండి: "మీకు బెదిరింపు ఉందంటున్నారు, కేసు నంబరు ఎంత?" ఇప్పుడైతే మీ దగ్గర జవాబు లేదు. అంటే తుపాకి దారిలో వెళ్ళాలనుకున్నా ఎఫ్ఐఆర్ గుమ్మం దాటే వెళ్ళాలి. ప్రభుత్వ ఉద్యోగి కాబట్టి ప్రిన్సిపల్ జడ్జి గారి ఆఫీసుకు తెలియజేయకుండా దరఖాస్తు పెట్టకండి. తిరస్కరిస్తే కారణాలతో రాతపూర్వకంగా అడగండి, అప్పీలు హక్కు ఉంది.

కనబడకుండా పెట్టుకోవడానికి వేరే అనుమతి ఉంటుందేమో అని అడిగారు. మన దగ్గర అలాంటి విడి పర్మిట్ లేదు. నిబంధన ప్రకారమే బహిరంగ ప్రదేశంలో చేతి తుపాకి హోల్‌స్టర్‌లోనో సంచిలోనో పూర్తిగా కప్పి ఉండాలి. బయటికి తీసి చూపించడమే నేరం. నడుముకు తుపాకి ఉందని పది మందికీ తెలిస్తే అతను దగ్గరికి రాడు అని మీరనుకుంటున్నారేమో, చట్టం ఆ దారి మూసేసింది.

లైసెన్సు వచ్చిందే అనుకుందాం. మీ మామూలు రోజు ఒకటి తీసుకోండి. ఉదయం కోర్టుకు వెళ్ళి వారంట్లు తీసుకోవాలి, సాయంత్రం వచ్చి వాపసు చేయాలి. 2021 సెప్టెంబరులో ఢిల్లీ రోహిణి కోర్టు హాల్లో లాయర్ల వేషంలో వచ్చినవాళ్ళు ఒక గ్యాంగ్‌స్టర్‌ను కాల్చి చంపిన తర్వాత, డ్యూటీలో ఉన్న భద్రతా సిబ్బంది తప్ప ఇంకొకరు ఆయుధంతో కోర్టు గేటు దాటితే చూసీచూడనట్టు వదిలేస్తారని అనుకోకండి. కాబట్టి చాలా రోజులు మీ రివాల్వర్ ఇంట్లోనే ఉంటుంది. ఎవరి దగ్గర? ఇప్పటికే ఉత్సాహపడుతున్న పదిహేడేళ్ళ కుర్రాడున్న ఇంట్లో. లైసెన్సు షరతుల ప్రకారం జాతరకు, ఊరేగింపుకు, విద్యాసంస్థ ఆవరణలోకి తీసుకెళ్ళకూడదు. అంటే మీరు ఎవరి కోసం భయపడుతున్నారో ఆ అమ్మాయి కాలేజీ గేటు దగ్గర అది మీతో ఉండదు. ఎన్నికలొస్తే మామూలుగా స్టేషన్లో డిపాజిట్ చేయమంటారు. మీ మనిషి వీధిలో ఎక్కువ హడావుడి చేసేది సరిగ్గా ఆ నెలలోనే కదా.

మిగిలేది సైటు దగ్గర ఎదురుపడే క్షణం. పది మంది చుట్టూ ఉన్నారు, ఒకడు భుజం మీద చెయ్యి వేసి ఉన్నాడు. చొక్కా ఎత్తి హోల్‌స్టర్ బటన్ తీసేలోపు ఆ రివాల్వర్ ఎవరి చేతిలో ఉంటుంది? 2018 మార్చిలో అప్పటి మన కర్ణాటక లోకాయుక్త జస్టిస్ విశ్వనాథ శెట్టి గారిని ఆయన ఆఫీసులోనే, ఫిర్యాదుదారుగా వచ్చినవాడు ఎదురుగా కూర్చుని కత్తితో పొడిచాడు. సొరుగులో తుపాకి ఉన్నా చెయ్యి అందేది కాదు. గేటు దగ్గర తనిఖీ గట్టిగా ఉంటే ఆ కత్తి లోపలికే వచ్చేది కాదు. 2021 జులైలో ధన్‌బాద్‌లో జడ్జి ఉత్తమ్ ఆనంద్ గారు పొద్దున్నే నడుస్తుంటే ఆటోతో వెనకనుంచి గుద్ది చంపారు. అదే 2018లో గురుగ్రామ్‌లో ఒక జడ్జి గారి భార్యనూ కొడుకునూ నడిబజార్లో కాల్చింది శత్రువు కాదు, వాళ్ళ రక్షణకు ప్రభుత్వం ఇచ్చిన గన్‌మన్, సర్వీసు తుపాకితో. ఆయుధం ఉన్నచోట దాని అపాయమూ ఉంటుంది, అది ఎవరి వైపు తిరుగుతుందో ముందే చెప్పలేం.

కాల్చాల్సి వచ్చి కాల్చారనే అనుకుందాం. ఆత్మరక్షణ హక్కు చట్టంలో ఉంది. ప్రాణం పోతుందనో తీవ్రమైన గాయమవుతుందనో సహేతుకమైన భయం ఉంటే ఎదుటివాడి ప్రాణం తీసేదాకా కూడా వెళ్తుంది. కానీ అధికారుల సాయం తీసుకునే సమయం ఉన్నప్పుడు ఆ హక్కు లేదని అదే చట్టం అంటుంది. "పోలీసు బందోబస్తు అడిగే అవకాశం ఉండగా, బెదిరింపు ముందే తెలిసి, జేబులో తుపాకితో ఒంటరిగా ఎందుకు వెళ్ళారు?" అన్నది ప్రాసిక్యూటర్ మీకు వేసే ప్రశ్న. దీనికి జవాబు చెప్పడం కష్టం. నెగ్గినా కొన్నేళ్ళు ఆ కోర్టులోనే నిందితుడి స్థానంలో నిలబడతారు.

ఇంతా చెప్పి, తీసుకోనే వద్దు అనను. ఎఫ్ఐఆర్ అయ్యాక కూడా ఇంటి చుట్టూ మనుషులు తిరుగుతుంటే, పోలీసులు గస్తీ వేయకపోతే, మీరు శిక్షణను ఒక రోజు సర్టిఫికెట్‌తో సరిపెట్టకుండా శ్రద్ధగా నేర్చుకుంటే, ఇంట్లో తాళం మీ ఒక్కరి దగ్గరే ఉంటే, ఇంటి వరకు అది కొంత ధైర్యం. వారంటు పనిమీద మాత్రం దాన్ని వెంట తీసుకెళ్ళడం నాకు ఇష్టం లేదు, బందోబస్తు వచ్చిన రోజున అక్కర్లేదు, రాని రోజున మీరు వెళ్ళకూడదు.

ఇక మీ రెండో ప్రశ్న, ప్రభుత్వమే కోర్టు సిబ్బంది అందరికీ ఎందుకు ఇవ్వకూడదని. మీ అన్నయ్య చెప్పింది నిజమే, టెక్సస్‌లో లైసెన్సున్న జడ్జీలు కోర్టు గదిలో కూడా తుపాకి పెట్టుకోవచ్చు. ఆ దేశంలోనే ఇంకొకటి జరిగింది, అది మీకు ఎక్కువ పనికొస్తుంది. 2020 జులైలో న్యూజెర్సీలో ఒక ఫెడరల్ జడ్జి ఇంటికి డెలివరీ బాయ్ వేషంలో వచ్చినవాడు తలుపు తీసిన కొడుకును చంపి, భర్తను గాయపరిచాడు. ఆ తల్లి ఎస్తర్ సలాస్ తర్వాత పోరాడింది జడ్జీలకు తుపాకుల కోసం కాదు. తమ ఇళ్ళ చిరునామాలు, కుటుంబాల వివరాలు ఇంటర్నెట్‌లో అమ్ముడుపోకుండా ఆపే చట్టం కోసం. కొడుకు పేరు మీదే 2022లో అది వచ్చింది. మీ విషయంలోనూ అతని దగ్గరున్న ఆయుధం మీ పాప బస్సు టైము. అది అతనికి ఎలా తెలిసింది? ఇన్‌స్టాలో కాలేజీ పేరా, మీ కాలనీ వాట్సాప్ గ్రూపా, ఆఫీసులో ఎవరైనా నోరు జారారా? ఇది కనుక్కోవడం అత్యవసరం.

మన బేలిఫ్‌లందరికీ తుపాకులు ఇస్తే ఏమవుతుందో నాకు కనబడుతున్నది చెబుతాను. ఇవాళ ఒక పేదవాడి గుమ్మంలోకి జప్తుకు వెళ్ళే అమీనాను చూసి ఇంట్లో ఆడవాళ్ళు ఏడుస్తారు, మగవాళ్ళు తిడతారు, చివరికి పక్కకి తప్పుకుంటారు. ఆయన చేతిలో ఉన్నది కాగితమని, దాని వెనక కోర్టు ఉందని వాళ్ళకు తెలుసు. నడుముకు రివాల్వర్ ఉందని తెలిశాక ఎదుటి పార్టీ కూడా ఆయుధం సిద్ధం చేసుకుని కూర్చుంటుంది. బలం వాడాల్సిన పని యూనిఫారం ఉన్నవాళ్ళది. మీరు అడగాల్సింది, మీ ఉద్యోగుల సంఘం తరఫున అడగాల్సింది, స్వాధీనం వారంటుకు ఎవర్నీ ఒంటరిగా పంపకూడదని, ఇద్దరు సిబ్బంది, వీడియో రికార్డింగ్, అడ్డగింపు సూచన ఉంటే ముందే బందోబస్తు అని. సుప్రీంకోర్టు చెప్పిన ఆ మాన్యువల్, ఆ శిక్షణ మీ దాకా ఎందుకు రాలేదని. కొడగు మిత్రుడి సంగతికొస్తే, కొడవ జాతివారికీ, జమ్మా అనే వంశపారంపర్య భూములున్నవారికీ తుపాకి లైసెన్సు నుంచి ఉన్న మినహాయింపు వాళ్ళ సంప్రదాయానికి ఇచ్చినది, బ్రిటిష్ కాలం నుంచి ఉంది, ఇప్పుడు 2029 దాకా పొడిగించారు. దాన్ని చూసి మనకూ కావాలనడం కుదరదు.

మీ ఆవిడ మాట. పిరికితనం, తెలివి అని మీరు రెండు గడులు గీశారు. ఆవిడ రెంటిలోనూ లేదు. ఆవిడ నిద్రపోవడం లేదు, ఎందుకంటే ఇంట్లో ఏం జరుగుతోందో సగమే తెలుసు. బదిలీ అడగడంలో తప్పేమీ లేదు. అదే కోర్టులో రికార్డు రూముకో కాపీయింగ్ సెక్షనుకో మారినా వీధి పని తప్పుతుంది, పిల్లల చదువు చెడదు. చింతామణి అయితే అమ్మానాన్నలు దగ్గర, కానీ పీయూసీ మధ్యలో ఉన్న కొడుకు, ఇక్కడి కాలేజీలో కూతురు. ఏది అడిగినా దరఖాస్తులో అసలు కారణం రాయండి. "కుటుంబ కారణాలు" అని రాస్తే రేపు ఆ వారంటు అందుకునే సహోద్యోగికి హెచ్చరిక కూడా లేకుండా పోతుంది. ఆవిడతో కూర్చుని ఒక వరుస అనుకోండి: అదనపు రిపోర్టు, ఎఫ్ఐఆర్ ముందు, బదిలీ దరఖాస్తు వాటితో పాటే, తుపాకి మాట ఆ రెండింటి ఫలితం చూశాక. అంతవరకు దాని గురించి కొడుకు ముందు మాట్లాడకండి. వీడు స్నేహితులతో గొప్పలు చెప్పుకుంటే ఆ మాట ఎక్కడికి చేరుతుందో మీకు తెలుసు.

కూతురికి మాత్రం ఇవాళే చెప్పండి. భయపడుతుందని దాచారు, కానీ ఆ స్టాపులో నిలబడేది తను. ఫొటో చూపించండి. ఏ వైపు నుంచి తీశారో, ఆ రోజు అక్కడ ఏ బండి ఆగి ఉందో, ఆ ముఖాన్ని అంతకుముందు చూసిందో తనకే గుర్తుండవచ్చు. అది రాసి ఫిర్యాదుకు జతచేయండి. కొన్నాళ్ళు స్టాపు, టైము మార్చుకోమనండి, ఎవరైనా వెంటపడుతున్నట్టు అనిపిస్తే ముందు 112కి, తర్వాత మీకు ఫోన్ చేయమనండి.